గాయం కట్టిన మరునాడు

హైదరాబాద్ పాతబస్తీ ముంగిట, మూసీ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న నది ఊరి మీదికి వచ్చిపడినప్పుడు ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నగర చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు సెప్టెంబరు 28న ఆ చెట్టు కింద చేరి ఆనాటి మృతులను తలచుకోవడం ఆనవాయితీ. మనలో చాలామందిమి ఆ ఆసుపత్రికి ఎన్నోసార్లు వెళ్లి ఉంటాం. ఎవరో బంధువును చూడటానికో, సంఘ సభ్యుని మంచం పక్కన ప్రార్థించడానికో వెళ్లి ఉంటాం. కానీ ఆ భవనం ఒక మహా విపత్తుకు ఈ నగరం చెప్పిన జవాబు అని మనకు ఎవరూ చెప్పలేదు. ఆ జవాబులో ఈనాటి సంఘానికి ఒక పాఠం ఉంది.

అసలేం జరిగింది?

1908 సెప్టెంబరు చివరి రోజులలో మూసీ పరీవాహక ప్రాంతమంతా కుండపోత వర్షం కురిసింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో దాదాపు 19 అంగుళాల వాన పడింది. అప్పట్లో మూసీకి ఎగువన 788 చెరువులుండేవి. పైచెరువు తెగితే దాని నీళ్లు కిందిచెరువు మీద పడేవి, అదీ తెగితే ఆ నీళ్లు మరో చెరువు మీద పడేవి. అలా 221 చెరువులకు గండ్లు పడ్డాయి. సోమవారం నాడు సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు నగరం మధ్యలోంచి దూసుకుపోయిందని తర్వాత ఇంజినీర్లు లెక్కగట్టారు. నదిమీది వంతెనలలో 1578 నాటి పురానాపూల్ ఒక్కటే నిలబడింది. సుమారు 15,000 మంది చనిపోయారని, 19,000 ఇళ్లు కూలిపోయాయని, 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయిందని సాధారణంగా చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజున తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. 15,000 అనే అంకె మనకు అందకపోయినా, ఆ ఒక్క మనిషి ఇల్లు మనకు అందుతుంది.

ఆ దుఃఖంలో ఇంకో దెబ్బ కూడా ఉంది. 1866 నుంచి నగరానికి పెద్ద దిక్కుగా ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వరదలో ధ్వంసమైపోయింది. అది మామూలు ఆసుపత్రి కాదు. మత్తుమందుగా క్లోరోఫామ్ ఎంత సురక్షితమో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాల్లో జరిగిన ప్రసిద్ధ పరిశోధనలకు వేదికైన చోటు. వైద్యలోకం చూపు పడిన ఆసుపత్రి అది. వేలమందికి వైద్యం కావలసిన రోజునే నగరం తన ఆసుపత్రిని పోగొట్టుకుంది. విపత్తులలో తరచూ జరిగేది ఇదే. విపత్తు మనిషిని గాయపరచి ఊరుకోదు, గాయాన్ని మాన్పే చోటును కూడా ఎత్తుకుపోతుంది.

మొదటి రాత్రి, తర్వాతి పదిహేడేళ్లు

ఆ మొదటి రోజుల్లో నగరం చూపిన కరుణ గొప్పది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన భవనాల తలుపులు నిరాశ్రయుల కోసం తెరిపించారు. ఊళ్లో అన్నశాలలు వెలిశాయి. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, పారసీలు అనే తేడా లేకుండా జనం ఒకరినొకరు ఆదుకున్నారు. సరోజినీ నాయుడు ఆనాడు చేసిన సహాయ కార్యక్రమాలకు ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ దురంతం తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే మనం దాన్ని దయగల కథ అని చెప్పుకుని మరిచిపోయేవాళ్లం. కానీ అన్నశాలల పొయ్యిలు ఆరాక కూడా పని ఆగలేదు. మళ్లీ ఇలా జరగకూడదంటే ఏం చేయాలన్న ప్రశ్నతో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన 1909లో వచ్చి, నది పొడవునా, చెరువుల గట్ల వెంట తిరిగి, వాన లెక్కలు, నీటి లెక్కలు కట్టి అదే ఏడాది నివేదిక ఇచ్చాడు. ఒడ్డున గోడ కట్టుకుంటే చాలదని, నగరానికి ఎగువనే వరదను పట్టి నిలిపే జలాశయాలు కావాలని చెప్పాడు. ఆ సలహా ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మన నాన్నలు, తాతలు తాగిన గండిపేట నీళ్లు ఆ వరద తెచ్చిన వివేకం నుంచి వచ్చినవే. ఇరుకు బస్తీలను, మురుగును బాగుచేయడానికి 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనాతో ఉస్మానియా ఆసుపత్రి నిర్మాణం 1919లో మొదలై 1925లో పూర్తయింది.

వరద వచ్చిన ఏడు 1908. కొత్త ఆసుపత్రి పూర్తయిన ఏడు 1925. మధ్యలో పదిహేడేళ్లు. అన్నం పెట్టిన చేతులను అందరూ చూశారు. కానీ ఆ పదిహేడేళ్లు కొలతలు తీసినవాళ్లను, రాళ్లు మోసినవాళ్లను, లెక్కలు రాసినవాళ్లను ఎవరు చూశారు? వరద రాత్రి పుట్టిన పిల్ల పెళ్లీడుకు వచ్చాకే ఆ ఆసుపత్రి పూర్తయింది. అప్పటి నుంచి దాని మంచాల మీద కోలుకున్నవాళ్లలో చాలామందికి 1908 సంగతే తెలియదు. కరుణ అంటే ఇలా కూడా ఉంటుంది. తనను ఎన్నడూ చూడనివాళ్ల కోసం పనిచేస్తుంది.

పూటకూళ్ల ఇంటి దాకా

మంచి సమరయుడి కథ (లూకా 10:30-37) ఆదివారపు బడి పిల్లలకు కూడా కంఠతా వస్తుంది. యాజకుడు వచ్చాడు, లేవీయుడు వచ్చాడు, ఇద్దరూ పక్కనుంచి వెళ్లిపోయారు. సమరయుడు ఆగాడు. సాధారణంగా మన ప్రసంగాలు ఇక్కడే ఆగిపోతాయి, ఆగినవాడు మంచివాడు అని ముగుస్తాయి. కానీ లూకా సువార్తికుడు అక్కడ ఆగలేదు. సంఘ సంప్రదాయం ఆయనను వైద్యుడంటుంది, పౌలు కూడా అలాగే పిలిచాడు. అందుకేనేమో, ఆ సమరయుడి పనులను ఒక వైద్యుడు రోగి చీటీ రాసినట్టు వరుసగా రాశాడు.

చూశాడు, జాలిపడ్డాడు, దగ్గరికి వెళ్లాడు. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోశాడు. ద్రాక్షారసం గాయాన్ని శుభ్రం చేస్తుంది, నూనె ఉపశమనం ఇస్తుంది. తర్వాత కట్టు కట్టాడు. ఇది ప్రథమ చికిత్స. తన వాహనం మీద ఎక్కించుకున్నాడు, అంటే తాను నడిచాడన్నమాట. ఇది అంబులెన్సు. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. ఇది ఆసుపత్రి. కథలో అతి ముఖ్యమైన మాట ఆ తర్వాత వస్తుంది. ‘మరునాడు’ అనే మాట అది. మరునాడు అతను రెండు దేనారాలు తీసి ఇంటి యజమానికి ఇచ్చి, ఇతన్ని చూసుకో, ఇంతకు మించి ఖర్చయితే నేను తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని చెప్పాడు. ఆ రోజుల్లో ఒక దేనారం ఒక కూలివాని దినకూలి. రెండు రోజుల కూలి ముందే కట్టి, మిగతాదానికి తన మాట పూచీ పెట్టాడు.

మూల గ్రీకులో పూటకూళ్ల ఇంటికి వాడిన మాట ‘పాన్‌డొఖియోన్’. ‘పాన్’ అంటే అందరూ, ‘దెఖొమై’ అంటే చేర్చుకోవడం. అందరినీ చేర్చుకునే చోటు అని ఆ మాటకు అర్థం. దొంగల చేత చిక్కినవాడు యూదుడా, అన్యుడా, ధనవంతుడా, కూలివాడా అని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అతని బట్టలు దొంగలు దోచుకుపోయారు కనుక, బట్టలను బట్టి కులం, కులాన్ని బట్టి మర్యాద కొలిచే అవకాశం కూడా లేదు. గాయమే అతని గుర్తింపు కార్డు. అత్యవసర వైద్యానికి ఇంతకు మించిన నిర్వచనం ఉందా?

సంఘ చరిత్రలో ఈ పాఠాన్ని అక్షరాలా నేర్చుకున్న ఒక బిషప్ ఉన్నాడు. నాలుగో శతాబ్దంలో, ఈనాటి తుర్కియేలో ఉన్న కైసరయ పట్టణంలో 369 ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. బసిలు అనే పెద్ద, గాదెల నిండా ధాన్యం దాచుకున్న ధనవంతులను ప్రసంగాలతో నిలదీసి ఆ గాదెలు తెరిపించాడు. తానే నడుం కట్టుకుని ఆకలిగొన్నవాళ్లకు వడ్డించాడు. వానలు పడ్డాయి, కరువు పోయింది. ఆయన మాత్రం ఇంటికి వెళ్లిపోలేదు. పట్టణం వెలుపల రోగులకు, కుష్ఠురోగులకు, దారినపోయే పరదేశులకు వసతులు కట్టించి, వైద్యులను, పరిచారకులను నియమించాడు. ఆసుపత్రుల చరిత్ర రాసేవాళ్లు తొలినాటి ఆసుపత్రులలో ఒకటిగా దాని పేరు చెబుతారు. కరువులో మొదలైన వడ్డన ఆసుపత్రిగా నిలబడింది. అఫ్జల్‌గంజ్ కథకు, ఆ కథకు పదిహేను వందల ఏళ్ల దూరం, కానీ రెండింటి దారీ ఒక్కటే.

నీళ్లు తీసిన తర్వాత

వరద బాధితులకు ఏం కావాలని అడిగితే మనకు ముందు గుర్తొచ్చేవి అన్నం పొట్లం, దుప్పటి, బియ్యం సంచి. అవి కావలసినవే. కానీ వైద్యులు విపత్తును ఒక రోజుగా చూడరు, రోజుల వరుసగా చూస్తారు. వాళ్లు చెప్పే ఆ వరుస ప్రతి సంఘ పెద్దకూ తెలిసి ఉండాలి.

హఠాత్తు వరదల్లో మొదటి గంటల్లో ప్రాణాలు తీసేది ఎక్కువగా మునకే. తర్వాత కూలిన గోడలు, తడిసిన కరెంటు తీగలు. దూరపు ఊళ్ల నుంచి వైద్య బృందాలు వచ్చేసరికి ఆ గంటలు దాటిపోతాయి. అందుకే మొదటి రక్షకుడు ఎప్పుడూ పొరుగువాడే. మరుసటి రోజుల్లో మేకులు, రేకులు గుచ్చుకున్న గాయాలు, ధనుర్వాతం సూదుల అవసరం, నీళ్లతో కొట్టుకొచ్చిన పాముల కాట్లు. వారం తిరిగేలోపు తాగునీటిలో మురుగు కలిసి వచ్చే వాంతులు, విరేచనాలు. ఆ తర్వాత వారాలలో టైఫాయిడ్, పచ్చకామెర్లు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో గాయాలున్న కాళ్లతో తిరిగినవాళ్లకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం. నిలిచిన నీళ్లలో దోమలు పెరిగాక డెంగీ. శవాల వల్లే అంటురోగాలు వస్తాయన్న భయం జనంలో ఎక్కువ. సాధారణంగా ప్రమాదం శవాలతో కాదు, కలుషితమైన నీటితోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇవన్నీ కంటికి కనిపించే జబ్బులు. కనిపించనిది ఇంకొకటుంది. 2020 అక్టోబరు 13 రాత్రి నగరాన్ని ముంచెత్తిన వానకు పల్లె చెరువు పొంగి ఫలక్‌నుమా వైపు అలీనగర్, అల్ జుబైల్ కాలనీలు మునిగాయి. నాలుగైదు రోజులకే గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్ బాబానగర్ నీళ్లపాలైంది. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్లు తీయలేదు. సంఘ యువకులతో కలిసి ఆ బస్తీలలో ఆహారం పంచడానికి వెళ్లినప్పుడు, ఒక పెద్దావిడ మేమిచ్చిన పొట్లం తీసుకుని పక్కన పెట్టింది. “అన్నం పొద్దుటినుంచి నలుగురు తెచ్చారు బేటా, అల్లా మీకు మేలు చేయాలి. నా షుగర్ మందు చీటీ నీళ్లలో పోయింది. మందు పేరు నాకు తెలియదు, తెల్లగా చిన్నగా ఉంటుంది” అంది. మాతో వచ్చిన నర్సు అక్క ఆమె పక్కన కూర్చుని, ఏ ఆసుపత్రిలో చూపించుకుంటుందో, రోజుకు ఎన్నిసార్లు వేసుకుంటుందో అడిగి తెలుసుకుని, ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ వీధిలో ఆ రోజు జరిగిన పెద్ద పరిచర్య అదేనని మా నమ్మకం.

ఆలోచించండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ల ఫ్రిజ్ నీళ్లలో తేలుతుంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లవలసిన మనిషి ఇంటి ముందు నడుములోతు నీళ్లుంటాయి. క్షయ మందులు మధ్యలో ఆగితే జబ్బు మొండిదవుతుంది. నెలలు నిండిన గర్భిణికి నొప్పులు వానతో సంబంధం లేకుండా వస్తాయి. వీళ్లెవరికీ రక్తం కారదు, వీళ్ల ఫోటో ఏ పత్రికలోనూ రాదు. గాయం లేని గాయపడినవాళ్లు వీళ్లు. సమరయుడు మరునాడు చేసిన పని వీళ్ల కోసమే.

కట్టింది కాపాడుకోకపోతే

ఒకసారి కట్టేస్తే సరిపోతుందా? ఉస్మానియా ఆసుపత్రే దానికి జవాబు చెబుతుంది. వరద బాధ నుంచి పుట్టిన ఆ భవనంలోకే 2020 జూలైలో, కరోనా కాలంలో, వాననీరు, మురుగునీరు ప్రవేశించాయి. రోగుల మంచాల కింద నీళ్లు పారుతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. శిథిలమవుతున్న ఆ పాత భవనాన్ని ఖాళీ చేయించి మూసివేశారు. కొత్త ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. అదే ఏడు సెప్టెంబరు 26 రాత్రి, జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. పండుగకు ఊళ్లకు బయలుదేరిన ప్రయాణికులను బయటకు తీసుకురావలసి వచ్చింది. 1908 ఎప్పుడో ముగిసిన కథ అనుకున్నవాళ్లకు నది తన పాత దారి గుర్తుచేసింది.

గోడలు కట్టడం ఒక తరం పని. వాటిని, వాటి చుట్టూ నాలాలను, చెరువులను కాపాడటం ప్రతి తరం పని. చెరువు శిఖం భూమిలో వెలిసిన ప్రతి ఇల్లూ, నాలాలోకి విసిరిన ప్రతి చెత్త సంచీ ఎవరో ఒకరి ఇంట్లోకి నీళ్లు పంపుతుంది. వాళ్లు ఎక్కువగా పేదలే. చవకగా దొరికే స్థలం పల్లంలోనే ఉంటుంది గనుక నీళ్లు ముందు వాళ్ల గడపే తొక్కుతాయి. పొరుగువాని ప్రేమించాలన్న ఆజ్ఞ నాలా దగ్గర కూడా వర్తిస్తుందని మన సంఘాల్లో ఎప్పుడైనా బోధించామా?

బాధలోంచి నేర్చుకుని కట్టినవాళ్లకు మేలు జరిగిన ఉదాహరణలు కూడా మన కళ్ల ముందే ఉన్నాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టినప్పుడు మృతులు ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలు. ఆ తర్వాత మన తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు లేచాయి, హెచ్చరికలు ఊరూరికీ చేరే ఏర్పాట్లు మెరుగయ్యాయి. 1990 మేలో అంతటి ఉగ్రమైన తుఫానే మళ్లీ వచ్చింది. లక్షకు పైగా జనాన్ని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఈసారి మృతులు వెయ్యి లోపే. ఒక్క ప్రాణమైనా ప్రాణమే, అయినా ఆ రెండు అంకెల మధ్య తేడా ఎన్ని వేల ఇళ్లలో దీపాలు ఆరకుండా కాపాడిందో ఊహించండి. అలాగే 2001 జనవరి 26 భూకంపంలో గుజరాత్‌లోని భుజ్ జిల్లా ఆసుపత్రి కూలిపోయింది. మొదట రెడ్‌క్రాస్ వారు గుడారాల్లో ఆసుపత్రి నడిపారు. తర్వాత 2004లో కొత్త ఆసుపత్రి ప్రారంభమైంది. ఈసారి భూమి కదిలినా ఆ కదలిక భవనానికి పూర్తిగా తగలకుండా పునాదిలో రబ్బరు, సీసం పొరల దిమ్మెలు అమర్చారు. గుడారం మొదటి రాత్రి కరుణ. ఆ దిమ్మెలు మరునాటి కరుణ.

మన హైదరాబాద్ కూడా ఈ విషయంలో దేశానికి ఒక దారి చూపింది. 2005 ఆగస్టు 15న 108 అత్యవసర సేవ ఇక్కడే మొదలైంది. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు వ్యాపించింది. అంతకు ముందు రోడ్డు మీద పడిపోయిన మనిషిని ఆటోలోనో, బండి మీదో వేసుకుని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో తెలియక తిరిగిన రోజులు పెద్దలకు గుర్తుంటాయి. అయితే 108 బండి ఎంత వేగంగా వచ్చినా, పాతబస్తీ సందుల్లో, నీళ్లు నిండిన వీధుల్లో మొదటి పది నిమిషాలు పక్కనున్నవాడివే. గుండె ఆగిన మనిషి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం వచ్చినవాళ్లు మన సంఘంలో ఎంతమంది ఉన్నారు? నీళ్లలో మునిగినవాళ్లకు దానితోపాటు నోటితో ఊపిరి అందించడం కూడా ముఖ్యమని ఎంతమందికి తెలుసు?

సంఘం ఏం చేయాలి?

యోసేపు కరువు వచ్చాక ధాన్యం వెతకలేదు. పంటలు పండిన ఏడేళ్లూ అయిదో వంతు చొప్పున కూర్చాడు (ఆదికాండం 41). అగబు అనే ప్రవక్త కరువు రాబోతున్నదని చెప్పినప్పుడు, అంతియొకయ సంఘం ‘ప్రార్థిద్దాం’ అని మాత్రమే అని ఊరుకోలేదు. ఒక్కొక్కరు తమ శక్తికొలది సొమ్ము వేసి, నమ్మకమైన ఇద్దరి చేతికిచ్చి యూదయకు పంపారు (అపొ. కార్యములు 11:27-30). ముందుచూపు విశ్వాసానికి శత్రువు కాదు. వరద రోజున ఆ చింతచెట్టును ఎవరూ నాటలేదు. ఎప్పుడో ఎవరో నాటితే, వేళ్లు లోతుగా దిగి ఉంటే, ఆ రోజు 150 మందికి పట్టుకోవడానికి కొమ్మలు దొరికాయి.

పెద్ద ఆసుపత్రి కట్టే స్తోమత మన సంఘాలన్నింటికీ ఉండదు. కానీ అన్ని సంఘాలూ చేయగలిగినవి కొన్నున్నాయి. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో నర్సులు ఎక్కువ. పదవీ విరమణ చేసినవాళ్లు కూడా ఎందరో వెనక వరుసల్లో కూర్చుని ఉంటారు. వాళ్లను ముందుకు పిలిచి, ఏడాదికి రెండుసార్లు యువకులకు ప్రథమ చికిత్స నేర్పించమనండి. రక్తదాతల పట్టికను గ్రూపుల వారీగా రాసి కార్యదర్శి దగ్గర ఉంచండి. సంఘం చుట్టూ నాలుగు వీధుల్లో ఒంటరి వృద్ధులు, గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, నడవలేనివాళ్లు ఎవరెవరో తెలుసుకోండి. వాళ్లు మన సభ్యులే కానవసరం లేదు. ప్రతి ఇంట్లో మందుల చీటీకి ఒక నకలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోమని చెప్పండి. ఇది పైసా ఖర్చు లేని పని, కానీ వరద రోజున దాని విలువ తెలుస్తుంది.

లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే విరేచనాల వల్ల నీరసించిన బిడ్డ ప్రాణం నిలుస్తుందని స్త్రీల సమాజంలో ప్రతి తల్లికీ నేర్పండి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలని చెప్పండి. ఇంట్లోకి నీళ్లు వస్తుంటే ముందు కరెంటు మెయిన్ ఆపేయమని చెప్పండి. మన మందిరం ఎత్తైన చోట ఉంటే, దాని తాళం చెవి అర్ధరాత్రి ఎవరి దగ్గర దొరుకుతుందో వీధిలో అందరికీ తెలిసేలా చేయండి. మసీదు పెద్దలతో, గుడి కమిటీతో వానాకాలం ముందే ఒకసారి కూర్చుని, ఎవరు ఏం చూసుకోవాలో మాట్లాడుకోండి. నీళ్లు వచ్చినప్పుడు పరిచయం చేసుకోవడం కష్టం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సహాయం ఎరగా మారకూడదు. కష్టంలో ఉన్న మనిషి చేతిలో పొట్లం పెట్టి, పెట్టినందుకు మన మాట వినమనడం సమరయుడి పద్ధతి కాదు. కథ మొత్తంలో అతను గాయపడినవాడికి ఒక్క బోధ కూడా చేయలేదు. తన పేరు కూడా చెప్పలేదు. తిరిగి వస్తానన్న మాట కూడా ఇంటి యజమానితోనే చెప్పాడు తప్ప కృతజ్ఞత కోసం రోగి మంచం దగ్గర నిలబడలేదు. పొట్లం ఇస్తున్న ఫోటో కోసం బాధితుణ్ణి కెమెరా వైపు తిప్పే అలవాటును మనం ఎంత తొందరగా మానుకుంటే అంత మంచిది. ఇప్పటికే అన్నీ పోగొట్టుకున్న మనిషికి ముఖం దాచుకునే మర్యాదైనా మిగల్చాలి కదా!

ఆ కథలో మనం ఎప్పుడూ గమనించని మనిషి ఒకడున్నాడు. అతను పూటకూళ్ల ఇంటి యజమాని. సమరయుడు దారినపోయేవాడు, తన పని మీద తాను వెళ్లిపోయాడు. మిగిలిన రోజులన్నీ కట్లు మార్చింది, గంజి తాగించింది, రాత్రివేళ మూలుగు విని లేచింది ఆ యజమానే. పేరు లేని ఆ మనిషి, సగం చచ్చిన ఒక పరాయివాణ్ణి ఒక్క మాట మీద ఇంట్లో పెట్టుకున్నాడు. సంఘం ఆ పూటకూళ్ల ఇల్లు లాంటిదని, గాయపడిన లోకాన్ని మన చేతికి అప్పగించి తిరిగి వస్తానని చెప్పి వెళ్లినవాడు యేసుప్రభువేనని ఆదిసంఘ పితరులు ఈ కథను వివరించారు. అదే నిజమైతే మన దగ్గర ఆయన ఇచ్చిన రెండు దేనారాలున్నాయి. కొందరికి అది వైద్యవిద్య, కొందరికి ఒక ఖాళీ గది, కొందరికి సెలవు రోజు, కొందరికి మంచి మాట. వాటిని ఎక్కడ ఖర్చుపెట్టామో ఆయన వచ్చినప్పుడు అడుగుతాడు.

మూసీ మళ్లీ పొంగదని ఎవరూ చెప్పలేరు. పొంగినప్పుడు మనం తప్పక పరుగెడతాం, అందులో అనుమానం లేదు. మన తెలుగు సంఘాలకు జాలి కొరత ఎప్పుడూ లేదు. ప్రశ్న దాని తర్వాతిది. నీళ్లు తీసి, కెమెరాలు వెళ్లిపోయి, వీధిలో బురద మాత్రమే మిగిలిన మరునాటి ఉదయం మనం ఎక్కడ ఉంటాం? ఆ ఉదయం కోసం ఇప్పుడే, వాన లేని ఈ రోజుల్లోనే, సిద్ధపడే కృప దేవుడు మన సంఘాలన్నిటికీ దయచేయును గాక!